లోపలి ప్యాడ్

బండి మలికిపురం సెంటర్ దాటకముందే
దాని గోల నాకు వినపడింది.
ఇనుము ఇనుముని గీకుతున్న చప్పుడు,
మాడిన గిన్నె మీద అట్లకాడ పెట్టినట్టు.
"లోవరాజూ, జాకీ తే," అన్నాను,
ఏసుపాదం ఇంకా షెడ్డు వైపు తిప్పకుండానే.

రెండున్నర టన్నుల ఫోర్ వీల్ బండి.
వెనక రొయ్యల మేత, ఐసు పెట్టెలు,
బానెట్ మీద ఎండిన ఉప్పు చారలు.
వానాకాలం చెరువుగట్ల మీద
ట్రాక్టర్లు కూరుకుపోయిన చోట కూడా
చిన్న గేరు వేసుకుని పైకొచ్చేస్తుంది.
లాగడానికి నాలుగు చక్రాలండీ, నిజమే.
ఆపాలంటే మాత్రం
అరచేతిలో ఇమిడే పలకలే.
వెనక డ్రమ్ములు తోడొస్తాయి గానీ
బరువు మొయ్యవు.

"ఈ చదును నేలలో
బ్రేకులెందుకు అరుగుతాయి మేస్త్రీ,
ఇదేవన్నా మారేడుమిల్లి ఘాటీయా?"
నవ్వుతూనే అన్నాడు.
టీ గ్లాసు మాత్రం వాడి చేతిలో వణికింది.

చక్రం దింపాను.
బయటి ప్యాడ్ బాగానే ఉంది,
ఐదు మిల్లీమీటర్లు పైమాటే.
పోయిన నెల టార్చి వేసి వాడు చూసుకుంది దీన్నే.
కాలిపర్ విప్పి లోపలిది లాగితే
లైనింగు లేదు. ఒట్టి రేకు.
ఉప్పుగాలికి పిన్ను తుప్పెక్కి కదలడం మానేసింది.
జంటలో ఒకటే నొక్కుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.
డిస్కు మీద వేలు పెడితే
గాడి, గాడి పక్కన ఇంకో గాడి.

అప్పుడు చెప్పాడు గురువారం సంగతి.
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి దిగుతుంటే
పెడలు మీద తను నిలబడ్డాడు,
బండి నిలబడలేదు.
హ్యాండ్ బ్రేకు, ఫస్టు గేరు, ఓ కేక.
ముందు చక్రం పంటు అంచు తప్పి నీళ్ళలోకి.
సైకిలు పట్టుకుని నించున్న ముంజెల ముసలాయన
"ఏటి బాబూ, అంత తొందరా?" అన్నాడట.
షావుకారుకి ఫోను చేస్తే,
"రొయ్య రేటు పడిపోయిందిరా,
పట్టుబడి అయ్యాక చూద్దాం."

నాకు పని నేర్పిన సత్తారు మేస్త్రి
చక్రం లోపలి నల్లమట్టిని గోటితో గీకి చూపించేవాడు.
"సగం ప్యాడ్ పొడి, సగం గోదారి ఒండ్రు.
పైన కొండల్లో పరిగెత్తిన ఏరు
ఇక్కడికొచ్చి నెమ్మదిస్తుంది కదరా,
ఆగేటప్పుడు రాలినవే ఈ లంకలన్నీ.
మన ఊరు నిలబడింది బ్రేకు పొడి మీదే."
ఆయన మాటలకి అప్పట్లో నవ్వుకునేవాణ్ణి.

"ఒక పక్కే మార్చు మేస్త్రీ,
సగం డబ్బుల్లో పోద్ది."
"ఒంటికాలికి చెప్పేసుకుని పరిగెడతావేంట్రా?"
డిస్కులు రాజోలు లేతుకి పంపి చెక్కించాను.
మళ్ళీసారి కొత్తవే వెయ్యాలని ముందే చెప్పాను.
పిన్నులు గీకి గ్రీజు పెట్టాను.
పిస్టన్ని క్లాంపుతో మెల్లగా లోపలికి నెడుతుంటే
డబ్బాలో ఆయిలు పొంగుతుందేమో
లోవరాజు కళ్ళప్పగించి చూశాడు,
అన్నం కుండ దగ్గర కూర్చున్నట్టు.

"బయటికి తీసేముందు పెడలు తొక్కు.
తొక్కు. గట్టిపడేదాకా తొక్కు."

ఏటిగట్టు ఖాళీగా ఉంది.
అరవైలో పోయి పదికి తగ్గించమన్నాను,
పూర్తిగా ఆపొద్దన్నాను.
మళ్ళీ. మళ్ళీ.
కొబ్బరిచెట్లు ఉరికొచ్చి నెమ్మదించాయి,
కొత్త ప్యాడ్ కాలే వాసన కిటికీలోకొచ్చింది.
ఎనిమిదోసారికి గానీ
ఏసుపాదం భుజాలు కిందికి దిగలేదు.

జేబులోంచి తీసిన నోట్లకి ఐసు తడి.
సగమే తీసుకున్నాను.
"మూడు నెలలకోసారి రా,
బయటిది చూసి సంబరపడిపోకు."

అరిగిన రేకు నా దగ్గరే ఉంది.
కాలవ గాలికి బిల్లు పుస్తకం ఎగరకుండా
బరువు పెట్టాను,
షావుకారు బాకీ రాసిన పేజీ మీద.